అరచేతిలో సరుకు

ఆ కొట్లో పూర్తి వస్తువు ఒక్కటీ దొరకదు. అన్నీ ముక్కలే. స్టవ్వు దొరకదు, స్టవ్వు నాబు దొరుకుతుంది. పంపు దొరకదు, పంపు సీలు దొరుకుతుంది. మంచం దొరకదు, మంచం కోడు కింద తిరిగే చక్రం దొరుకుతుంది. వస్తువు బాగున్నంతకాలం ఎవడికీ ఆ కొట్టు గుర్తు రాదు. విరిగాక మాత్రం విరిగిన ముక్కని కాగితంలో చుట్టుకుని మెల్లగా వస్తాడు, కాగితం విప్పి, ఇలాంటిది ఉందా అని అడుగుతాడు. దాని పేరేంటో వాడికి తెలీదు. ఏళ్ల తరబడి తమ ఇంట్లో తిరిగినదాని పేరు కూడా తెలుసుకోకుండా బతికేస్తారు జనం.

కొట్టు యజమానిని బజారంతా బక్కోడు అంటుంది. చిన్నప్పుడు గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాడని వాళ్ల అన్న పెట్టిన పేరు. ఇప్పుడు కౌంటరుకీ గోడకీ మధ్య పొట్ట పట్టక అడ్డంగా తిరిగి నడుస్తాడు, జుట్టు సగం నెరిసింది, అయినా బక్కోడే. పేరు పెట్టినవాడు కొట్టొదిలి వెళ్లిపోయాడు. పేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అన్న ఉన్న రోజుల్లో కాగితం పూర్తిగా విప్పే పని ఉండేది కాదు. సగం విప్పగానే చూసి, వెనక్కి తిరిగి, సొరుగు లాగేవాడు. బక్కోడికి ఆ చూపు రాలేదు. అతనూ కనుక్కుంటాడు, కాకపోతే నాలుగు సొరుగులు లాగి, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, లైటు కిందికి తీసుకెళ్లి. అంతసేపు నిలబడే ఓపిక ఇప్పుడెవడికుంది? వీధి చివర అద్దాల తలుపుల కొట్టొకటి వెలిసింది. అక్కడ ముక్కలుండవు, మొత్తం వస్తువే అమ్ముతారు. పాతది పారేసి కొత్తది కొనుక్కోవడమే తెలివని జనానికి ఎవరో నేర్పారు.

అప్పుడు బావమరిది ఈ ఫొటోల సంగతి మోసుకొచ్చాడు. భార్యకి తమ్ముడు, ఏదో కంప్యూటరు ఆఫీసులో పని, మాటకి ముందు నవ్వొస్తుంది.

"కస్టమరు ఇంట్లో కూర్చుని విరిగిన ముక్కని ఫొటో తీసి నెట్‌లో మన కొట్టు పేజీలో పెడతాడు బావా. మిషను దాన్ని చూసి, మన ఫొటోలన్నీ చూసి, ఇదిగో ఇదే అని చూపిస్తుంది. నువ్వు కుర్చీలో కూర్చుని పొట్ట పెంచుకోవచ్చు."

మిషను ఎక్కడుంటుందని బక్కోడు అడిగాడు. మన దగ్గరుండదు, ఎక్కడో క్లౌడ్‌లో ఉంటుంది అన్నాడు బావమరిది. భార్య వంటింట్లోంచే మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దని సామెత విసిరింది. ఆవిడ తమ్ముణ్ణి ప్రేమిస్తుంది గానీ నమ్మదు.

ముంతలో నీళ్లు ఎలాగూ అడుక్కి వచ్చాయి కాబట్టి బక్కోడు సరేనన్నాడు.

ఫొటోలకి కరువు లేదు. తండ్రి పెట్టిన పద్ధతి ఒకటుంది. సరుకుని అరచేతిలో పెట్టి చూపించాలి, బల్ల మీద పెట్టి చూపిస్తే అది సీసా మూతో బావి మూతో అవతలివాడికి ఎలా తెలుస్తుంది అనేవాడు. కెమెరా ఫోన్లు వచ్చాక కూడా అదే పద్ధతి సాగింది. దూరపు కస్టమరు అడిగితే అన్న అరచేతిలో ముక్క పెట్టుకుని చెయ్యి చాపేవాడు, తమ్ముడు ఫొటో తీసేవాడు. చెయ్యి అన్నయ్యది, ఫోను తమ్ముడిది. అలా వేల ఫొటోలు పోగయ్యాయి. ప్రతి దాంట్లో ఆకుపచ్చ కౌంటరు, దాని మీద అన్న కుడి అరచెయ్యి, అరచేతిలో ముక్క. ఆ చేతికి ఉంగరం వేలి చివరి కణుపు లేదు. వయసులో ఉన్నప్పుడు గ్రైండరు తీసుకుంది.

తెల్ల కాగితం మీద పెట్టి అన్నీ కొత్తగా తీద్దామంది భార్య. ఉన్నవి చాల్లే, అవే ఎక్కించెయ్యండి అన్నాడు బక్కోడు. బద్ధకం వల్ల అన్నాడని ఆవిడ అనుకుంది. బద్ధకమూ ఉంది. అసలు సంగతేంటంటే ఆ ఫొటోల పెట్టె తెరిస్తే చెయ్యి కనపడుతుంది. ఆ చెయ్యి ఎందుకు చూడాలి? చూడకుండానే మొత్తం గంపగుత్తగా ఎక్కించేస్తే పీడా వదులుతుంది.

ఎక్కించడానికి ఒక పట్టిక తయారు చెయ్యాలి. ఒక్కో ఫొటోకి ఒక్కో వరస. ఫొటో ఎక్కడ పెట్టామో దాని అడ్రసు, సరుకు నంబరు, రకం, పేరు. చివరి గడిలో, ఆ ఫొటోలో సరుకు ఏ మూల నుంచి ఏ మూల దాకా ఉందో నాలుగు మూలల లెక్క రాయాలి. మొదటిసారి మధ్యలోనే ఆగిపోయింది. "పంపు సీలు, పెద్దది" అని బక్కోడు రాసుకున్న చోట కామా ఉందట, కామా కనపడగానే మిషను అక్కడితో గడి అయిపోయిందనుకుంటుందట. బడి మధ్యలో మానేసిన మనిషి, జన్మలో మొదటిసారి సరైన చోట కామా పెడితే అది కూడా తప్పే అయింది. కామాలన్నీ ఏరి పారేశారు. చివరి గడి సంగతేంటని బావమరిది అడిగితే, తప్పనిసరిగా నింపాలా అని బక్కోడు అడిగాడు. అక్కర్లేదు, ఖాళీగా వదిలేస్తే ఫొటోలో ఏది సరుకో మిషనే చూసుకుంటుందని రాసుంది అన్నాడు బావమరిది.

"చూసుకుంటుందంటున్నాడుగా. వదిలెయ్."

వదిలేశారు. పట్టిక ఎక్కింది. ఎక్కినా వెంటనే కనపడదు, కాసేపు నానాలి. నానాక బావమరిది కౌంటరు మీద ఒక నాబు పెట్టి ఫొటో తీసి వెతికితే ఆ నాబే వచ్చింది. బక్కోడి భార్య కూడా వచ్చి చూసి, పర్లేదు అంది. ఎండాకాలంలో ఎక్కించిన సంగతి ఇది.

వానలు వచ్చి వెళ్లాయి, ఒక్క ఆర్డరూ సరిగ్గా రాలేదు. పేజీ చూసేవాళ్లు చూస్తున్నారు, ఫొటోలు పెట్టేవాళ్లు పెడుతున్నారు, కొనేవాడు మాత్రం లేడు. ఏం జరిగిందో ఎవడూ చెప్పలేదు. ఈ కాలం కస్టమరు తిట్టడు, పక్కకి తప్పుకుంటాడు. నిలబడి తిట్టే మనిషి ఒక్కడున్నా తప్పు ఎప్పుడో తెలిసేది. అలా తిట్టే మనిషి ఆ కొట్లో ఒకప్పుడు ఉండేవాడు.

చివరికి పాత కస్టమరు, ఇస్త్రీ బండాయన, తిన్నగా కొట్టుకే వచ్చి గొడవ పెట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టె పిడి ఫొటో పెడితే మీ పేజీ నాకు కుళాయి తల చూపించింది, నేనేమన్నా కుళాయితో ఇస్త్రీ చెయ్యాలా అన్నాడు. బావమరిది వచ్చి, ఆయన పెట్టిన ఫొటో తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు, కానీ అది అతని మామూలు నవ్వు కాదు.

"బావా, మన కొట్లో అన్నిటికన్నా ఎక్కువున్న సరుకేంటో తెలుసా?"

"వాషర్లు."

"కాదు. పెద్దబావ చెయ్యి."

జనం కూడా ఫొటో తీసేటప్పుడు ముక్కని చేతిలోనే పట్టుకుంటారు. మిషను ఆ చేతిని చూస్తుంది. మన వేల ఫొటోల్లోనూ చెయ్యే పెద్దగా ఉంది, ముక్క చిన్నగా ఉంది. కాబట్టి అది చేతికి చెయ్యి జత కలిపి, అందులో ఏ ముక్కుంటే ఆ ముక్క చూపిస్తోంది. చివరి గడి నింపుంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి ఫొటో తెరిచి, ముక్క చుట్టూ గీత గీసి, చెయ్యి బయట ఉండిపోయేలా నాలుగు మూలలు రాసి, పట్టిక మళ్లీ ఎక్కించాలి. బావమరిదికి ఆఫీసుంది. భార్యకి కౌంటరుంది. చూడకూడదనుకున్న ఫొటోలు ఒక్కోటీ తెరిచి చూసే పని బక్కోడికే పడింది. తప్పించుకున్నది ముంగిట్లో కూర్చుంటుందంటే ఇదే.

కొట్టు వెనక గదిలో కుర్చీ వేసుకుని గీతలు గీయడం మొదలుపెట్టాడు. చెయ్యి, ముక్క, గీత. చెయ్యి, ముక్క, గీత. మొదటిరోజు మధ్యాహ్నానికే చెంప చురుక్కుమన్నట్టనిపించింది.

ఆ చేత్తోనే కొట్టాడు అన్న. ఒకామె గ్యాసు స్టవ్వు వాల్వు పట్టుకొచ్చింది. సరిగ్గా అదే లేదు, దానికి దగ్గరగా ఉన్నదొకటి ఉంది, మర కూడా రెండు చుట్లు ఎక్కింది. బక్కోడు అది ఇచ్చి పంపించేశాడు. అన్న భోజనం నుంచి వచ్చి, ఏమిచ్చావని అడిగి, సొరుగు చూసి, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆమెని పట్టుకుని వాల్వు వెనక్కి తెచ్చాడు. కొట్టు నిండా జనం. జనం ముందే కొట్టాడు. "అలాంటిది వేరు, అదే వేరు" అన్నాడు, అంతే. తప్పు బక్కోడిదే, అది అతనికీ తెలుసు. తెలిసిన తప్పుకి నలుగురిలో దెబ్బ తింటే ఇంకా మండుతుంది. చెయ్యెత్తినవాడు మళ్లీ ఈ గడప తొక్కకూడదని బక్కోడు అరిచాడు. ఊరికే అన్నాడు. అన్న ఊరికే వినలేదు. వదినని తీసుకుని ఊరే మారిపోయాడు. పిల్లల్లేరు, కట్టిపడేసేది ఏమీ లేదు. మొదట్లో అన్న ఫోన్ చేస్తాడని తమ్ముడు చూశాడు, తమ్ముడు చేస్తాడని అన్న చూసుంటాడు. తర్వాత నంబర్లు మారిపోయాయి. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లకి ఇంకేం వచ్చినా రాకపోయినా మొండితనం సమంగా వస్తుంది.

గీతలు గీస్తూ గీస్తూ విసుగొచ్చినప్పుడు బక్కోడు జనం పెట్టిన ఫొటోలు తిరగేసేవాడు. ఎవరేం అడిగారు, మిషను ఏం చూపించింది అని పక్కపక్కనే ఉంటాయి. చూస్తే నవ్వొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది. మిక్సీ కప్లరు అడిగినవాడికి తలుపు గొళ్లెం. సైకిలు పంపు వాషరు అడిగినామెకి కుక్కరు పిడి. ఒక్కోదాని పక్కన ఎంత బాగా కలిసిందో అంకె కూడా ఉంటుంది, చాలావాటికి సగమో, సగం కన్నా తక్కువో.

ఒకదానికి మాత్రం దాదాపు పూర్తిగా కలిసినట్టుంది. మన ఫొటోనే ఎవరో తిరిగి మనకే పెట్టారనుకుని తెరిచాడు. ఉంగరం వేలికి చివరి కణుపు లేదు. అవును, మనదే. మూసెయ్యబోయి ఆగాడు. వెనకాల ఆకుపచ్చ కౌంటరు లేదు. గళ్ల దుప్పటి ఉంది. అరచేతిలో ఉన్నది చేతికర్ర కింద తొడిగే రబ్బరు బుడిపె. దానికి మిషను కుక్కరు వెయిటు చూపించింది.

బక్కోడు లేచి మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చున్నాడు. అలా పూర్తిగా కలిసినవి ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని వెతికాడు. ఉన్నాయి. కొన్నాళ్ల తర్వాతి దాంట్లో చక్రాల కుర్చీ బ్రేకు పిడి, చెయ్యి సన్నబడింది, వేళ్లు సగం ముడుచుకున్నాయి. ఆ తర్వాతి దాంట్లో మంచం చక్రం. అందులో ఆ చెయ్యి తనంతట తను తెరుచుకోలేదు. పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చి వేళ్లని వెనక్కి పట్టుకుని ఉంది, ఆడమనిషి చెయ్యి. అదే చక్రం మళ్లీ ఇంకో వైపు నుంచి, మళ్లీ ఇంకోసారి. కర్ర నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. ఉత్తరం రాసినా ఇంత వివరంగా తెలిసేది కాదు.

అడిగిన ప్రతిసారీ మిషను అన్న చేతికి అన్న చెయ్యే చూపించింది. ఆ చేతిలో ఇదివరకెప్పుడో ఉన్న ఏదో ముక్కని చూపించింది. తమ్ముడి కొట్టు తలుపు ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు పనికిరానిదేదో చేతిలో పెట్టి పంపించేసింది.

ఫొటో పెట్టేవాళ్ల పేరూ ఊరూ పేజీ అడగదు, ఆర్డరు పెడితేనే అడుగుతుంది. వాళ్లు ఆర్డరు ఎలా పెడతారు, చక్రం అడిగితే గొళ్లెం వచ్చాక? ఎక్కణ్ణుంచి పెట్టారో కనుక్కోలేమా అని బక్కోడు బావమరిదిని పట్టుకుని వదల్లేదు. కుదరదు బావా, మన పేజీ అలా కట్టలేదు అన్నాడతను. భార్య మంచం చక్రం ఫొటోలో పక్కనుంచి వచ్చిన చేతిని పెద్దది చేసి చూసింది. అక్కయ్య చెయ్యి ఎంత నల్లబడిందో అంది, తోడికోడల్ని తలుచుకుని.

ఆ సాయంత్రం బక్కోడు పాత ఫొటోల్లో ఒకటి కోసం వెతికాడు. ఒక ముక్క తీసేసి ఇంకో ముక్క పెట్టుకునే లోపల పొరపాటున నొక్కిన ఫొటో ఒకటుండాలి. ఉంది. ఆకుపచ్చ కౌంటరు మీద అన్న చెయ్యి, అరచేతిలో ఏమీ లేదు.

"దీన్ని ఒక సరుకు కింద ఎక్కించు" అన్నాడు బావమరిదితో.

"ఏ సరుకు కింద?"

"చెయ్యి చుట్టూ గీత గీశాను. మిగతావాటన్నిట్లో చెయ్యి బయట పెట్టేశాం, ఇందులో చెయ్యే సరుకు. పేరు దగ్గర ఇది రాయి. అన్నా, నేను బక్కోణ్ణి, ఫోన్ చెయ్యి. కింద నా నంబరు."

బావమరిదికి నవ్వు రాలేదు. నెమ్మదిగా చెప్పాడు. "ఆ చేతికి అంకె కాస్త ఎక్కువొస్తుంది గానీ అది ఎవరిదో మిషనుకి తెలీదు బావా. దానికి చెయ్యంటే చెయ్యే. ఫొటోలో చెయ్యి ఉన్న ప్రతివాడికీ ఇదే వస్తుంది. ఊళ్లో అందరికీ నువ్వు తమ్ముడివైపోతావు."

"అవుతాను."

"కొట్టు పరువు?"

"అది పోయి చాలా కాలమైంది. నువ్వు రాయి. కామా పెట్టకు."

అన్నిటికన్నా ముందు మంచం చక్రాల ఫొటోలకి గీతలు గీశాడు బక్కోడు, తర్వాత మిగతావాటికి రోజూ కూర్చుని పూర్తి చేశాడు. పట్టిక మళ్లీ ఎక్కింది. నానింది.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. బక్కోడు గారేనా అని ఒకడు. నేను మీ అన్నని కాదు కానీ నా ఫ్యాను రెగ్యులేటరు సంగతేంటని ఇంకొకడు. ఒకామె, నాకు అన్నదమ్ములెవరూ లేరు, మీరెవరు అని అడిగి, చెప్తే విని, ఏడ్చి పెట్టేసింది. తాగినవాడొకడు, తమ్ముడూ, ఎన్నాళ్లకి గుర్తొచ్చానురా అని వాటేసుకున్నంత పని చేశాడు. బజారులో టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ, అన్నా నేను బక్కోణ్ణి అనడం నేర్చుకున్నాడు. బక్కోడు మూతి ముడుచుకుని గ్లాసు తీసుకునేవాడు. లోకంలో ఒకడి దురద ఇంకొకడికి గిలిగింత. ఫోను మాత్రం ఎప్పుడూ కట్ చెయ్యలేదు, ప్రతి ఫోనూ ఎత్తాడు, ఎత్తిన ప్రతిసారీ అవతలి గొంతు ఎవరిదో విన్నాకే తను మాట్లాడాడు. మిగతా ముక్కలు కూడా సరిగ్గా కనపడటం మొదలైంది, చెయ్యి కిందే అసలు ముక్క వస్తోంది, ఆర్డర్లు వస్తున్నాయి. భార్య సంతోషపడి, ఇక ఆ చెయ్యి తీసేద్దామా అని ఒకసారి అడిగింది. అతని మొహం చూసి మళ్లీ అడగలేదు.

గళ్ల దుప్పటి ఫొటో మళ్లీ రాలేదు. రోజూ వెతికాడు. గీత గీసిన చక్రాలున్నాయి, పిలిచే మాట ఉంది, అడిగే చెయ్యి లేదు. ఆలస్యమైందేమో అనే మాట నోటిదాకా వచ్చేది, మింగేసేవాడు.

ఒక మధ్యాహ్నం, కౌంటరు దగ్గర ఎవరూ లేనప్పుడు ఫోను మోగింది.

"అబ్బాయ్, నేను" అంది వదిన.

బక్కోడు స్టూలు మీద కూర్చున్నాడు.

వదిన ఎక్కువ మాటలు మాట్లాడే మనిషి కాదు. కుడి పక్కంతా పడిపోయిందని చెప్పింది. మొదట కర్రతో నడిచాడని, తర్వాత రెండోసారి వచ్చిందని, మాట వస్తుంది గానీ మాట్లాడడని చెప్పింది. కొట్టు పేజీ చూద్దామన్నది ఆయనే. చక్రం అడిగితే గొళ్లెం వచ్చినప్పుడు మాత్రం మాట్లాడాడట.

"వాడి మిషను కూడా వాడిలాంటిదే, అలాంటిది అంటగడుతుందే గానీ అదే ఇవ్వదు అన్నాడు. నవ్వాడు కూడా."

"నేను పెట్టిన మాట చూశాడా వదినా?"

"చూశాడు. పక్కింటావిడ మిక్సీ ముక్క కోసం మీ పేజీలో వెతికితే ఈ చెయ్యి వచ్చిందని తెచ్చి చూపించింది, నేనే చదివి వినిపించాను. ఫోన్ చెయ్యనన్నాడు. కావాలంటే నువ్వు చేసుకో, చక్రం సంగతి అడుగు, వేరే సంగతులొద్దని నాతో అన్నాడు. వారం రోజులు ఆలోచించి ఇప్పుడు చేస్తున్నా."

బక్కోడు కొట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. చక్రాలు చూడటానికి ఒక్కలాగే ఉంటాయని, సైజులు నాలుగున్నాయని, ఏ సైజు కావాలో చెప్పమని అన్నాడు.

"ఆయన చేతిలో పెట్టే తీశాను కదా. మీ పద్ధతే. చూస్తే తెలీలేదా?"

తెలీలేదు. తెలియకపోవడానికి కారణం వదినకి చెప్పే మాట కాదు. ఆ చెయ్యి ఎంతుంటుందో అతనికి బాగా తెలుసు, వేల ముక్కలకి ఆ చెయ్యే కొలత. ఇప్పుడా చెయ్యి ఎండిపోయింది. అందులో ఏ చక్రం పెట్టినా పెద్దదిగానే కనపడుతుంది.

"తెలీట్లేదు వదినా. నాలుగూ పట్టుకుని నేనే వస్తాను."

వదిన గొంతు తగ్గించింది.

"చక్రం పంపమన్నాడు అబ్బాయ్. నిన్ను రమ్మన్లేదు."

"సైజు తప్పితే మళ్లీ పంపాలి. మళ్లీ తప్పితే మళ్లీ. నాలుగూ తెస్తే ఒక్కసారిలో తేలిపోద్ది."

"కొలబద్ద పెట్టి కొలిచి చెప్పలేనా నేను?" అంది వదిన. చెప్పగలదు. ఇద్దరికీ తెలుసు. ఆవిడ కొలవలేదు. కొలబద్ద ఎక్కడో పెట్టానులే అని, అడ్రసు చెప్పింది.

బస్సు దిగి, రెండు సందులు తిరిగి, మెట్లెక్కితే ఒకే గది. కిటికీ ఒకటే, మంచానికి వెనకవైపు గోడకి ఉంది. ఆసుపత్రి పాతసామానులో కొన్న ఇనప మంచం, ఒక కోడు కింద చక్రం బదులు చెక్కముక్క పెట్టి ఉంది. పొద్దున కిటికీ దగ్గరికి, ఎండ పడ్డాక ఇవతలికి, మంచాన్ని రోజూ జరుపుతుందట వదిన. చక్రం విరిగినప్పట్నించీ జరపలేకపోతోంది. అందుకని అన్న గోడ చూస్తూ పడుకుని ఉన్నాడు. బక్కోడు వచ్చాడని తెలిసినా గోడే చూశాడు.

ఏమని పలకరించాలో దారి పొడుగునా అనుకున్నవన్నీ గుమ్మం దగ్గరే రాలిపోయాయి. సంచిలోంచి నాలుగు చక్రాలు తీసి దుప్పటి మీద వరసగా పెట్టాడు. అన్న తల తిప్పాడు. మొహం చూడలేదు, చక్రాలు చూశాడు. ఎడమ చెయ్యి లేచి, మూడోదాన్ని వేలితో ముట్టుకుని, మళ్లీ పక్కన పడింది.

బక్కోడు మంచం కింద దూరాడు. పొట్ట నేలకి ఆనింది, ఊపిరాడలేదు. తుప్పు పట్టిన నట్టు విప్పుతుంటే మొహం పక్కనే అన్న కుడిచెయ్యి మంచం అంచు నుంచి వేలాడుతోంది. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, ఉంగరం వేలు మాత్రం ముడుచుకోవడానికి సరిపోక కొంచెం బయటికి ఉంది. ఇంత దగ్గరగా ఆ చెయ్యి అతని మొహానికి ఒక్కసారే వచ్చింది ఇదివరకు. స్పానరు జారింది. మళ్లీ పట్టుకున్నాడు. చక్రం కూర్చుంది, బిగించాడు, బయటికొచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

వదిన మంచం తోసింది. కదిలింది గానీ తిన్నగా పోలేదు. కొత్త చక్రం వైపు ఎత్తుగా, మిగతా వైపు అరిగిపోయి, ఒక పక్కకి లాగుతూ కిటికీ దాకా వెళ్లి గోడకి తగిలి ఆగింది.

అప్పుడు అన్న మాట్లాడాడు. మాట ముద్దగా వచ్చింది, అయినా ఒక్క అక్షరం కూడా తమ్ముడికి తప్పిపోలేదు.

"నాలుగు సైజులు తెచ్చావు."

"సైజు తెలీలేదన్నా."

"మూడరిగినచోట ఒకటి కొత్తది వేస్తారా ఎవరన్నా? ఒకే సైజువి నాలుగు తేవాలి. ఇన్నాళ్లు కొట్లో కూర్చుని ఏం నేర్చుకున్నావు?"

వదిన గబగబా ఏదో సర్దబోయింది. బక్కోడు తలొంచుకుని నిలబడ్డాడు, నలుగురిలో నిలబడ్డట్టే. చెంప చురుక్కుమంటుందేమోనని చూశాడు. ఏమీ కాలేదు.

"మిగతా మూడూ తెస్తాను."

 అన్న ఎప్పుడని అడగలేదు, అక్కర్లేదనీ అనలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. వెళ్లిపోతున్నవాడి వీపుకి చెప్పినట్టు చెప్పాడు.

"ఆ చెయ్యి ఫొటో తీసెయ్. నలుగురూ చూస్తారు."

"చక్రాలు తెచ్చాక తీస్తాను" అన్నాడు బక్కోడు. విరిగిన పాతదీ, పనికిరాని మూడు చక్రాలూ సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. సంచి వచ్చినప్పుడు ఎంత బరువుందో దాదాపు అంతే ఉంది.